కూర్చోవడం మానేసిన పిల్ల

మార్చి ఆరో తేదీ. ఆ పొద్దున మా ఇంట్లో అందరం కాల్చిన రొట్టె ముక్కలూ ఉడకబెట్టిన గుడ్లూ తిన్నాం. రొట్టె ఒకవైపు మాడింది. మా అమ్మాయి మాడిన వైపు కిందికి తిప్పి, వెన్న రాసిన వైపు పైకి కనిపించేలా పళ్ళేల్లో పెట్టింది. మనవరాలు గువ్వ తన గుడ్డులోంచి పచ్చసొన జాగ్రత్తగా పెకలించి నా పళ్ళెంలో వేసి, "తాతయ్యా, నీకు బలం కావాలి కదా, తినేయ్" అంది. ఐదేళ్ళ పిల్ల. తనకి గిట్టనిదాన్ని ఎదుటివాళ్ళ మీద ప్రేమగా మార్చేసే విద్య దానికి అప్పటికే వచ్చు.

ఆ రోజు దాన్ని గుండె డాక్టరుకి చూపించాలి. అంతకు వారం ముందు స్కూల్లో ఆటల గంటలో గువ్వ పెదాలు సిరా తాగినట్టు నీలంగా మారిపోయాయట. గోళ్ళు కూడా. క్లాసు టీచరు హడలిపోయి మా అమ్మాయికి ఫోన్ చేసింది. పిల్ల తండ్రి అదే స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ సమయానికి అదే మైదానంలో, మెడలో విజిల్ వేసుకుని, కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్నాడు. టీచరు అతన్ని వదిలేసి, ఎక్కడో ఊరి ఆ చివర ఆఫీసులో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

"సార్‌కి చెబితే నడిస్తే తగ్గుతుందని ఇంకో రౌండు తిప్పుతారేమోనని భయమేసిందండీ" అని నసిగిందట.

మా అమ్మాయి ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా మోసుకొచ్చి భర్త ముందు పెట్టింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు గువ్వ ద్వారానో, నా ద్వారానో మాట్లాడుకుంటున్నారు. "నాన్నా, డాక్టరు అపాయింట్‌మెంటు దొరికిందని ఆయనకి చెప్పు" అని కూతురు. "మామయ్యగారూ, నేనూ వస్తున్నానని చెప్పండి" అని అల్లుడు. ఇద్దరూ నాకు చెరోవైపు కూర్చుని ఉండగానే.

నా భార్య పోయాక వీళ్ళింటి హాల్లో ఒక మంచం నాదయింది. నీటి సరఫరా శాఖలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గ్లాసు వెలుతురుకి ఎత్తి చూడకుండా నీళ్ళు తాగలేని అలవాటొకటి మిగిలింది. మా అమ్మాయి ఒక టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే సెక్షన్లో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముక్కూమొహం తెలియని వాళ్ళకి క్షమాపణలు చెప్పడం దాని పని. ఇంటికొచ్చాక దాని దగ్గర ఆ సరుకు మిగలదు.

అల్లుడు మంచివాడు. ఇది ముందే చెప్పాలి. తర్వాత చెబితే నమ్మబుద్ధి కాదు. తలస్నానం చేయించాక పిల్ల జుట్టు చిక్కు తీసేది అతనే. ఆదివారం పొద్దున ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోళ్ళు కత్తిరించేదీ అతనే. గోళ్ళు గుండ్రంగా, ఉబ్బెత్తుగా తయారవుతున్నాయని మా అమ్మాయి అంటే, తన గోళ్ళు చూపించి "నా పోలికే" అని మురిసిపోయాడు. వయసులో ఉన్నప్పుడు మంచి పరుగువీరుడట. మోకాలు దెబ్బతిని ఆగిపోయాడు. ఆగిపోయిన పరుగంతా కూతురి కాళ్ళలో చూసుకున్నాడు. దానికి ముద్దుపేరు కూడా ఛాంపియన్. గువ్వ అనేది నేనొక్కణ్ణే.

మైదానంలో అతనికొక నియమం ఉంది. పరుగయ్యాక ఎవరూ చటుక్కున కూర్చోకూడదు. కూర్చుంటే కండరాలు పట్టేస్తాయి, కళ్ళు తిరుగుతాయి. ఊపిరి కుదుటపడేదాకా నడుస్తూనే ఉండాలి. ఆటలవాళ్ళకి అది మంచి నియమమేనట. పెద్ద పిల్లలకి చెప్పీ చెప్పీ ఆ నియమం అతని నాలుక మీద ఉండిపోయింది. గువ్వకి మూడేళ్ళప్పుడు, ఆడుతూ ఆడుతూ మధ్యలో టక్కున గొంతుక్కూర్చునేది. మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని, తల వంచుకుని, కాసేపు అలాగే. అతను వెంటనే వెళ్ళి చంకల కింద చేతులేసి లేపేవాడు. "లే... లే... ఛాంపియన్ లేచిందోయ్!" అని. కోప్పడేవాడు కాదు. అదొక ఆట. పిల్ల నవ్వుతూ లేచేది, చూసినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి గువ్వ అలా కూర్చోవడం పూర్తిగా మానేసింది. "చూశారా మామయ్యగారూ, చిన్నప్పుడే అలవాటు చేస్తే ఎంత తేలికో!" అన్నాడు.

ట్యాక్సీలో గువ్వ నా ఒళ్ళో కూర్చుంది. అల్లుడు ముందు సీట్లో కూర్చుని, అద్దంలోకి చూస్తూ అన్నాడు, "ఏమీ ఉండదు. రక్తం తక్కువ. పాలకూర పెట్టమంటే ఎవరు పెట్టారు?"

"పాలకూర తక్కువైతే పెదాలు తెల్లగా అవుతాయేమో నాన్నా, నీలంగా ఎందుకయ్యాయో కనుక్కో" అంది మా అమ్మాయి, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"చలికి అయ్యుంటాయి."

"మిట్టమధ్యాహ్నం ఎండలో చలి! మాస్టారు కదా, వాతావరణం కూడా వాళ్ళ విజిల్ వింటుంది."

డ్రైవరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆసుపత్రి గేటు దగ్గర దింపేయవలసినవాడు, కాపలావాడితో ఏదో మాట్లాడి, లోపల మెట్ల దాకా తీసుకెళ్ళి ఆపాడు. అడక్కుండానే.

లిఫ్టు ముందు చక్రాల కుర్చీలు బారు తీరి ఉన్నాయి. "మూడో అంతస్తే కదా, ఎక్కేద్దాం. ఛాంపియన్, రెడీయా?" అన్నాడు అల్లుడు.

"రెడీ!" అంది గువ్వ.

"వద్దు, లిఫ్టుకి ఆగుదాం" అని తల్లి అనేలోపే ఇద్దరూ మెట్ల మలుపు తిరిగారు. నేను వెనకాలే ఎక్కాను. మొదటి మలుపులో గువ్వ వంగి బూటు లేసు ముడి వేసుకుంటోంది. తండ్రి పై మెట్టు మీద నిలబడి ఓపిగ్గా చూస్తున్నాడు. రెండో మలుపులో రెండో బూటు. నాకు ఆయాసం తీర్చుకోవడానికి మంచి వీలు దొరికింది.

ఆ బూట్లకొక కథ ఉంది. దాని ఈడు పిల్లలందరూ పట్టీ అంటించే బూట్లు వేసుకుంటారు. ఇది మాత్రం పుట్టినరోజుకి లేసుల బూట్లే కావాలని పట్టుబట్టింది. కొట్లో గంటసేపు ఏడ్చింది. లేసు కట్టడం నేను నేర్పాను. వారంలో పట్టేసింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అల్లుడు ఆ ముడి చూపించేవాడు. "ఐదేళ్ళకే! కాలేజీ కుర్రాళ్ళకి రాదు ఇంత ముడి!" అని.

పైన, పిల్లల గుండె విభాగం గోడలకి చేపలూ పడవలూ గీసి ఉన్నాయి. పిల్లలు వాటిని చూడటం లేదు. తల్లులు చూస్తున్నారు. తెల్లకోటు వేసుకున్న ఒక ఆయా పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి బరువు చూసి, వేలికి చిన్న క్లిప్పు తగిలించి, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో రాసుకుంటోంది.

"రామ్మా, నీ వేలికి టోపీ పెడదాం. ఏ వేలికి చలేస్తోంది?" అంది గువ్వతో.

గువ్వ ఆలోచించి చిటికెన వేలు చాపింది. ఆయా క్లిప్పు పెట్టి అంకె చూసింది. తీసి, కొంగుతో తుడిచి, ఇంకో వేలికి పెట్టింది. లేచి వెళ్ళి పక్క గదిలోంచి ఇంకో యంత్రం తెచ్చింది. అదీ పెట్టి చూసింది.

"ఏమైందండీ? ఎంతుంది?" అంది మా అమ్మాయి.

"చేతులు చల్లగా ఉన్నాయమ్మా, సరిగ్గా చూపించదు. లోపల డాక్టరమ్మ చూస్తారులెండి" అంది ఆయా. గువ్వ చేతులు వెచ్చగానే ఉన్నాయి. అప్పటిదాకా నా అరచేతిలోనే ఉన్నాయి. ఆ అబద్ధానికి నేను ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. మాకు ఇంకో పావుగంట మామూలు మనుషుల్లా కూర్చునే వీలు ఇచ్చింది. వరుసలో మా ముందున్న ముగ్గురినీ ఆపి మమ్మల్ని ముందు పిలిచారు. అందుకు అల్లుడొక్కడే సంతోషించాడు. "చూశావా, త్వరగా అయిపోతోంది" అన్నాడు గువ్వతో.

డాక్టరమ్మ పెద్దావిడ. జుట్టు నెరిసింది. ముందు గువ్వ చెయ్యి పట్టుకుని గోళ్ళు చూసింది. తర్వాత కళ్ళ రెప్ప కిందికి లాగి చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. వింటున్నంతసేపూ అల్లుడు చేతులు కట్టుకుని, పోటీ ఫలితం చెప్పేముందు నిలబడినట్టు నిలబడ్డాడు.

"పుట్టినప్పుడు ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏదో చిన్న శబ్దం ఉంది, చాలామందికి ఉంటుంది, పెద్దయితే పోతుందన్నారు" అంది మా అమ్మాయి. "మళ్ళీ చూపించమన్నారు. నేను చూపిద్దామంటే—"

"పిల్ల బాగా ఆడుతోంది కదా అని..." అన్నాడు అల్లుడు.

"ఆడుతూ ఆడుతూ మధ్యలో గొంతుక్కూర్చుంటుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ" అన్నాడు అల్లుడు వెంటనే. అతని మొహం విప్పారింది. తనకి బాగా వచ్చిన ప్రశ్న పడింది. "ఇదివరకు ఉండేదండీ ఆ అలవాటు. నేను మాన్పించాను. నేను డ్రిల్లు మాస్టార్నండీ. ఇప్పుడు ఎంత పరిగెత్తినా కూర్చోదు. రెండేళ్ళయింది, ఒక్కసారి కూడా కూర్చోలేదు."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. అతని వైపు చూడలేదు. మా అమ్మాయిని చూసి, "నిజమేనా అమ్మా?" అంది.

"నిజమే. ఇప్పుడు కూర్చోదు."

నేను కూడా తలూపాను. ముగ్గురం నిజమే చెప్పాం.

డాక్టరమ్మ లేచింది. "ఏమ్మా, నువ్వూ నేనూ అలా వరండా చివరిదాకా వెళ్ళి ఆ పడవ బొమ్మని ముట్టుకొద్దామా? ఎవరు ముందు వెళ్తారో చూద్దాం."

గువ్వ తండ్రి వైపు చూసింది. అతను బొటనవేలు ఎత్తి చూపించాడు. డాక్టరమ్మ నిజంగా పందెం వేసినట్టు గబగబా నడిచింది. గువ్వ పరిగెత్తి పడవని ముట్టుకుని వెనక్కి తిరిగింది. మేం గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. సగం దూరం వచ్చాక పిల్ల ఆగింది. నిలబడి ఒకసారి మా వైపు చూసింది. నవ్వింది. నవ్వుతూనే కిందికి వంగి బూటు లేసు పట్టుకుంది.

నేను చూస్తున్నాను. లేసు ఊడలేదు. అది చేతులారా ముడి లాగి విప్పింది. మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని, తల వాల్చుకుని, మెల్లగా, చాలా మెల్లగా, మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది. మెడ వెనక జుట్టు చెమటకి అంటుకుపోయి ఉంది.

డాక్టరమ్మ దాని పక్కనే నేల మీద గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు సహకరించని మనిషి, గోడ పట్టుకుని మరీ కూర్చుంది.

"లేసు ఊడిపోయిందా తల్లీ?"

గువ్వ తల అడ్డంగా ఊపింది. తర్వాత గుట్టు చెబుతున్నట్టు, కానీ ఐదేళ్ళ పిల్లల గుసగుస ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా అంది, "నేనే విప్పాను. నాన్నకి చెప్పకు. లేసు కట్టుకుంటే కూర్చున్నట్టు కాదు."

వరండాలో మందుల బండి తోసుకుపోతున్న నర్సు కూడా ఆగింది. నేను అల్లుడి వైపు చూడలేదు. చూడకపోవడం ఒక్కటే నేను చేయగలిగింది. మా అమ్మాయి మాత్రం చూసింది. తినేసేలా చూసింది.

తర్వాత స్కానింగు గదికి తీసుకెళ్ళారు. అక్కడ చీకటి. ఛాతీకి పూసే జిగురు చల్లగా ఉంటుందని, ఆ గదిలోని కుర్రాడు దాన్ని ముందు తన అరచేతిలో వేసుకుని, కాసేపు పిడికిలి బిగించి వెచ్చబరిచి అప్పుడు పూశాడు. తెర మీద గువ్వ గుండె బూడిద రంగులో తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించింది. దానికేదో తొందర ఉన్నట్టుంది.

"అది ఏంటి తాతయ్యా?"

"నువ్వే."

"నేను అంత చిన్నగా ఉన్నానా?" అని నవ్వింది.

డాక్టరమ్మ ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకి రంధ్రం ఉంది. ఊపిరితిత్తులకి రక్తం వెళ్ళే దారి సన్నగా ఉంది. పరిగెత్తినప్పుడు ఆ దారి ఇంకా బిగుసుకుంటుంది. దాంతో శుభ్రపడని రక్తం ఆ రంధ్రం గుండా ఒంట్లోకి మళ్ళిపోతుంది. నీలం అందుకే. ఆపరేషన్ చేసి రంధ్రం మూసి, దారి వెడల్పు చేస్తారు. ఏప్రిల్లో చేద్దాం, ఆలస్యం వద్దు అంది. సన్నబడిన గొట్టం, ఎదురు తన్నే నీళ్ళు - బతుకంతా వాటి మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి నాకు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"మరి కూర్చోవడం?" అన్నాడు అల్లుడు.

"గొంతుక్కూర్చుంటే కాళ్ళలో రక్తనాళాలు నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడికి రక్తం మళ్ళీ ఊపిరితిత్తుల వైపు తిరుగుతుంది. ఇలాంటి పిల్లలకి అది ఎవరూ నేర్పరు. ఒళ్ళే నేర్పుతుంది."

"అంటే నేను లేపినందువల్లనే..."

"రంధ్రం పుట్టుకతో వచ్చింది. మీరు చేసింది కాదు" అంది డాక్టరమ్మ. అతను ఊపిరి వదిలాడు. ఆవిడ అతన్ని అక్కడితో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. "కానీ ఒకటి చెబుతాను వినండి. మిగతా పిల్లలు ఆయాసం వస్తే ఏడుస్తారు, పడిపోతారు, అమ్మ దగ్గరికి పరిగెత్తుతారు. మనకి తెలుస్తుంది. మీ అమ్మాయికి నవ్వుతూ నిలబడటం వచ్చు. నాకు భయం పిల్ల గుండె గురించి కంటే ఆ నవ్వు గురించే. ఆపరేషన్ అయ్యేలోపు ఒక్కసారి ఊపిరి బాగా తగ్గిపోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం రాగానే అది కూర్చోవాలి. లేదా పడుకోబెట్టి మోకాళ్ళు ఛాతీకి అదిమి పట్టుకుని వెంటనే తీసుకురావాలి. అది దాచకూడదు. దాచకుండా చూసుకునే పూచీ మీది."

"చూసుకుంటామండీ" అన్నాడు అల్లుడు.

"ఎవరు?" అంది మా అమ్మాయి. ఆ రోజు అతనితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

దిగేటప్పుడు లిఫ్టు ఖాళీగా వచ్చింది. అల్లుడు గువ్వని ఎత్తుకున్నాడు. "దింపు నాన్నా, నడుస్తాను. నాకు అలుపు రాలేదు" అని కాళ్ళాడించింది.

"అలుపొస్తే కూర్చోవచ్చమ్మా. ఎక్కడైనా. ఎంతసేపైనా. నాన్న ఏమీ అనడు."

గువ్వ అతని మొహంలోకి చూసింది. తర్వాత తల్లి మొహంలోకి. పెద్దవాళ్ళు మోసంతో ఆడే ఆటలు దానికి కొత్త కాదు. "నేను కూర్చోను" అంది, గెలిచినదానిలా.

ట్యాక్సీలో అల్లుడు మెల్లగా అన్నాడు, "నాదే తప్పు. క్షమించు."

"అలా చెప్పకూడదు" అంది మా అమ్మాయి. "మాకు ట్రైనింగులో చెప్తారు. ముందు కాసేపు ఆగాలి, తర్వాత ఎదుటివాళ్ళ పేరు చెప్పాలి, అప్పుడు క్షమించమనాలి. అప్పుడు నిజంలా ఉంటుంది."

"నేను నిజంగానే—"

"ఫిర్యాదు చేసేవాళ్ళూ నిజంగానే ఫోన్ చేస్తారండీ. లైను కలవలేదని."

డ్రైవరు రేడియో కట్టేశాడు.

ఇంటికి వచ్చాక మా అమ్మాయి పని విభజించింది. తను ఆఫీసుకి సెలవు పెడుతుంది. పిల్ల స్కూలు మానేస్తుంది. మందు వేళకి వేయడం, నీళ్ళు తాగించడం నా పని. అల్లుడికేమీ చెప్పలేదు. అతను చీపురు తీసుకుని హాలు ఊడ్చాడు. ఊడ్చిన హాలే మళ్ళీ ఊడ్చాడు. గువ్వ ఆడే చోట బొమ్మలు అన్నీ కిందికి దింపి, పరిగెత్తి తెచ్చుకోవలసిన పని లేకుండా నేల మీద గుండ్రంగా పేర్చాడు. విజిల్ మెడలోంచి తీసి ఎక్కడో పెట్టేశాడు. ఎక్కడో నాకు తెలీదు.

మధ్యాహ్నమంతా గువ్వ నా మంచం పక్కన ఆడుకుంది. సాయంత్రం అతను పాలు తేవడానికి వెళ్ళి వచ్చాడు. తలుపు చప్పుడు వినగానే అది అలవాటు కొద్దీ వంటింటి నుంచి గుమ్మం దాకా ఒక్క పరుగు తీసింది. ఇల్లెంత, పరుగెంత! కానీ వచ్చి అతని ముందు నిలబడేసరికి పెదాల చుట్టూ నీలం కమ్మింది. కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చేతులు వెనక కట్టుకుని, గడ్డం పైకెత్తి నవ్వుతోంది.

అల్లుడు పాల ప్యాకెట్టు వదిలేసి తనే నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "ఇదిగో, నాన్న కూడా కూర్చున్నాడు చూడు. నువ్వూ కూర్చో తల్లీ."

"నేను బాగానే ఉన్నాను నాన్నా."

"కూర్చో అమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"కూర్చోను. నేను ఛాంపియన్ని కదా."

అతను భుజాలు పట్టుకుని కిందికి నొక్కబోయాడు. అది కాళ్ళు బిగబట్టింది. తండ్రి ఎంత నొక్కితే అంత నిటారుగా నిలబడింది. రెండేళ్ళు అతను నేర్పింది అదే. చక్కగా నేర్చుకుంది.

మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి, మాట్లాడకుండా, పిల్లని అతని చేతుల్లోంచి లాక్కుని నా మంచం మీద పడుకోబెట్టింది. మోకాళ్ళు మడిచి ఛాతీకి అదిమి పట్టుకుంది. "ఊపిరి తీసుకో తల్లీ, తీసుకో" అంటూ. అతను ఒక అడుగు ముందుకు వేశాడు. గువ్వ అతన్ని చూసి కాళ్ళు చాపబోయింది.

"అవతలికి వెళ్ళండి" అంది మా అమ్మాయి. అరవలేదు. ఆఫీసు గొంతుతో అంది.

అతను వంటింట్లోకి వెళ్ళాడు. మెల్లగా నీలం తగ్గింది. పెదాలకి రంగు వచ్చింది. కాసేపటికి గువ్వ మంచం దిగి, నా కాళ్ళ దగ్గర నేల మీద గొంతుక్కూర్చుని బొమ్మలు సర్దుకోవడం మొదలుపెట్టింది. హాయిగా, ఎవరినీ అడగకుండా, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని. ఏదో పాట కూడా పాడుకుంది. వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, పిల్లకి కనపడకుండా, అల్లుడు అది చూస్తున్నాడు. అలా కూర్చున్న కూతుర్ని అతను ఈ మధ్య కాలంలో చూడనే లేదు. నేను చూశానని గమనించి తల తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు.

అన్నాలయ్యాక అతను పడకగదిలోంచి తన దిండూ దుప్పటీ తెచ్చుకుని, హాల్లో నా మంచం పక్కన చాప పరుచుకున్నాడు.

"ఇదేమిటి బాబూ?" అన్నాను.

"నేను ఎదురుగా ఉంటే అది చెప్పదు మామయ్యగారూ." మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "రాత్రి నిద్రలో ఏమైనా అయినా, పక్కన నేనున్నానని బిగబట్టుకుంటుంది. ఆపరేషన్ అయ్యేదాకా నేను దాని కంటపడకపోతేనే మంచిది. పొద్దున అది లేవకముందే వెళ్ళిపోతాను. స్కూల్లో ఆట సామాను గది ఉంది, ఏదో ఒక పని పెట్టుకుంటాను. రాత్రి అది పడుకున్నాక వస్తాను."

"పిల్ల అడిగితే?"

"మీరు ఏదో ఒకటి చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది."

"ఆపరేషన్ రోజున?"

"లోపలికి తీసుకెళ్ళాక చెప్పండి. అప్పుడు వస్తాను. మత్తిచ్చాక."

మా అమ్మాయి పడకగది గుమ్మంలో నిలబడి విన్నది. వద్దని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. వంగి అతని చాప మీద దోమతెర ఒకటి పెట్టి లోపలికి వెళ్ళింది. అంతవరకే చేయగలిగింది. అతను దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు.

లోపల దీపం తీసేశారు. తలుపు ఓరగా తెరిచే ఉంది. కాసేపటికి గువ్వ గొంతు వినిపించింది.

"అమ్మా, నాన్న ఏడి? కథ చెప్పడా?"

"నాన్నకి పని ఉందమ్మా. ఇవాళ రాడు."

అల్లుడు చాప మీద లేచి కూర్చున్నాడు. గువ్వ ఏడుస్తుందనుకున్నాను. అతనూ అదే అనుకున్నట్టున్నాడు. అదే ఆశించినట్టున్నాడు. అది ఏడవలేదు. తర్వాత, ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని అడిగినట్టు అడిగింది:

"నిజంగా రాడా?"

"రాడమ్మా."

"అయితే నేను కాళ్ళు ముడుచుకుని పడుకోనా?"

మంచం కిర్రుమంది. తల్లి ఏమందో మాకు వినపడలేదు.

అల్లుడు లేచాడు. అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళి, గడియ దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, ఆ తలుపు మూశాడు.